నువ్వుగింజంత కెపాసిటర్ మార్చి రెండేళ్లు దాటింది, నా ల్యాప్‌టాప్ ఎలా ఉందంటే

హనుమకొండలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం ఆహ్వానాలు, స్టూడెంట్ల ప్రాజెక్టు రిపోర్టులు, అన్నీ 2018లో కొన్న ఒక్క ల్యాప్‌టాప్ మీదే. రోజుకు పది గంటలు నడుస్తుంది. 2023 జులై చివర్లో, వానలు వరంగల్‌ను ముంచెత్తిన వారంలోనే, ఒక పొద్దున బటన్ నొక్కితే చప్పుడు లేదు. ఛార్జింగ్ లైటు లేదు, ఫ్యాను తిరగలేదు, బ్యాటరీతో లేదు, అడాప్టర్‌తో లేదు. ఆ ఏడు అధిక శ్రావణం రావడం నాకు కలిసొచ్చింది, ముహూర్తాలన్నీ నిజ శ్రావణంలోకి జరిగాయి కాబట్టి రెండు మూడు వారాల టైమ్ దొరికింది. లేకపోతే అప్పు చేసైనా కొత్తది కొనేవాణ్ణి.

సర్వీస్ సెంటర్‌లో పది నిమిషాలు చూసి మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే, 19 వేలు అవుతుంది అన్నారు. ఏం పోయిందని అడిగితే "బోర్డే పోయింది" అన్నారు. మా సందులో మొబైల్ రిపేర్ చేసే అన్నకు ఈ మాట చెప్తే ఆయనకు కోపమొచ్చింది. "బోర్డు పోయిందంటే ఎక్కడ పోయిందో చెప్పాలె కదా తమ్మీ, కొలవకుండ పోయింది అంటే ఎట్ల?" అన్నాడు. ఆ రాత్రి షాపు మూశాక ఆయన బల్ల మీదే బోర్డు విప్పాం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణే కానీ ల్యాప్‌టాప్ బోర్డు మీద మల్టీమీటర్ పెట్టడం అదే మొదటిసారి.

ముందుగా బ్యాటరీ కనెక్టర్ పీకేశాం. తర్వాత అడాప్టర్ పెట్టి వోల్టేజీ వెతుక్కుంటూ పోయాం. జాక్ దగ్గర 19 వోల్టులు ఉంది. జాక్ దాటగానే వరసగా రెండు మాస్‌ఫెట్లు ఉంటాయి, కరెంటును వదిలి ఆపే స్విచ్చుల్లాంటి ఎనిమిది కాళ్ల చిన్న నల్ల ముక్కలు. మొదటిది దాటాక కూడా 19 ఉంది. రెండోది దాటాక సున్నా. ఆ తర్వాత వచ్చేదే మెయిన్ లైన్, అక్కణ్ణుంచే మిగతా బోర్డంతటికీ కరెంటు పోతుంది, 5 వోల్టులు, 3.3 వోల్టులు, ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చిల్లర, అన్నీ అందులోంచే తయారవుతాయి. మీ ల్యాప్‌టాప్‌లో అడాప్టర్ గుచ్చగానే అడాప్టర్ లైటే ఆరిపోతుంటే షార్ట్, అంటే కరెంటు అడ్డదారిలో నేరుగా గ్రౌండ్‌కు (బోర్డు మైనస్ వైపుకు) పోయే చోటు, సాధారణంగా జాక్ వైపే ఉంటుంది. నాకు అడాప్టర్ లైటు మామూలుగానే వెలిగింది, అంటే తేడా లోపల ఉంది.

అడాప్టర్ తీసేసి మెయిన్ లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే 0.6 ఓములు చూపించింది. మీటరు రెండు ప్రోబులు (కొలిచే సూదులు) ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే 0.2 తీసేస్తే 0.4. ఉండాల్సింది వేల ఓముల్లో. పక్కా షార్ట్.

చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఆ లైన్ మీద పాతిక దాకా కెపాసిటర్లు (ఛార్జ్‌ను కొంత దాచుకుని వోల్టేజీని నిలకడగా ఉంచేవి) ఉన్నాయి, అన్నీ ప్యారలల్‌లో, అంటే అన్నీ అవే రెండు చోట్లకు, లైన్‌కూ గ్రౌండ్‌కూ, కలిసి ఉంటాయి. ఒక్కటి షార్టయితే దేని మీద ప్రోబు పెట్టినా బీప్ వస్తుంది. బీప్ వచ్చిందని వరసబెట్టి పీక్కుంటూ పోతే బోర్డు పాడవుతుంది. ఇంకో సంగతి, కెపాసిటర్ అనగానే అందరూ "ఉబ్బిందా?" అని అడుగుతారు. అది 2000ల మొదట్లో డెస్క్‌టాప్ బోర్డుల మీద నాసిరకం ద్రవం పోసిన డబ్బా కెపాసిటర్లు ఉబ్బి కారిపోయిన రోజుల నుంచి వచ్చిన అలవాటు. ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా ఉండేవి సిరామిక్‌వి. అవి ఉబ్బవు, వాటి మీద అక్షరం ముక్క ఉండదు, చాలాసార్లు చచ్చినదీ బతికినదీ కంటికి ఒకేలా కనిపిస్తాయి.

మరి పాతికలో ఒకటి ఎలా పట్టుకోవాలి? కరెంటు పంపి వేడిని చూడాలి. అన్న దగ్గర 30 వోల్టులు, 5 ఆంప్స్ డీసీ సప్లై ఉంది. నేను ఉత్సాహంగా నాబ్ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. మెయిన్ లైన్‌లోంచి ప్రాసెసర్‌కు కరెంటు దించే మాస్‌ఫెట్ గనక షార్టయి ఉంటే, మనం పంపే వోల్టేజీ నేరుగా ప్రాసెసర్ మీద పడుతుంది. 19 వోల్టులు పంపితే ఇక దాని పని అయిపోయినట్టే. అందుకే ముందు ప్రాసెసర్ కాయిల్‌కూ (దానికి కరెంటు చేరవేసే తీగచుట్టకూ) మెయిన్ లైన్‌కూ మధ్య షార్ట్ లేదని కొలిచి చూసుకున్నాం, ఆ తర్వాత కూడా ఒక్క వోల్టు దాటనివ్వలేదు. అలా కొలిచేటప్పుడు ప్రాసెసర్ కాయిల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య నాలుగు ఓములే కనిపించి గుండె ఆగినంత పనైంది, కానీ అది షార్ట్ కాదు. ప్రాసెసర్ లైన్ రెసిస్టెన్స్ మామూలుగానే అంత తక్కువ ఉంటుంది. ఇది తెలియక మంచి బోర్డులను స్క్రాప్‌లో పడేసినవాళ్లు ఉన్నారు.

సప్లై నెగెటివ్‌ను బోర్డు స్క్రూ రంధ్రానికి, పాజిటివ్‌ను మెయిన్ లైన్ మీద అంటించిన తీగకు పెట్టి, కరెంటు రెండు ఆంప్స్ దాటకుండా లిమిట్ పెట్టాం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను బ్రష్‌తో బోర్డు మీద పల్చగా పూసి, ట్యూబ్‌లైట్ వెలుగులో ఏటవాలుగా చూస్తూ కూర్చున్నాం. సప్లై ఆన్ చేసిన నాలుగైదు సెకన్లకు, అంతా తడిగా మెరుస్తున్న చోట, స్క్రూ రంధ్రం పక్కన ఒక్క కెపాసిటర్ మీద తడి గుండ్రంగా వెనక్కి జరిగి ఆరిపోయింది. మళ్లీ పూశాం, మళ్లీ అదే చోట ఆరింది. నువ్వుగింజంత ముక్క. ఆ క్షణంలో కలిగిన సంతోషం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. వేలితో ముట్టి చూద్దామనిపిస్తుంది, వద్దు, కాలుతుంది. ఆల్కహాల్ మంట అంటుకునేది కాబట్టి అది పూర్తిగా ఆరేదాకా సోల్డరింగ్ ఐరన్‌ను ఆ దగ్గరికి తేకూడదు.

పీకడం పెద్ద పని కాదు. ఫ్లక్స్ (లెడ్ సులువుగా కరిగి పారేలా చేసే జిగురు) పెట్టి, చుట్టుపక్కల ప్లాస్టిక్ కనెక్టర్లకు వేడి తట్టుకునే టేప్ అతికించి, హాట్ ఎయిర్ (వేడి గాలి ఊదే మిషన్) 360 డిగ్రీల దగ్గర గాలి తక్కువగా పెడితే చాలు. గ్రౌండ్ వైపు రాగి వేడినంతా లాక్కుంటుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి, లెడ్ (ముక్కను బోర్డుకు అతికించే టంకం) కరగకముందే ట్వీజర్‌తో లాగితే ప్యాడ్ (ముక్క అతికే రాగి బిళ్ల) లేచిపోతుంది. పీకిన ముక్కను విడిగా కొలిస్తే బీప్ వచ్చింది. బోర్డు మీద కొలిస్తే రీడింగ్ మెల్లగా పైకి ఎక్కుతూ పోయి 18 కిలో ఓముల దగ్గర ఆగింది. అలా మెల్లగా ఎక్కడం మంచిదే, మిగతా కెపాసిటర్లు మీటరు నుంచి ఛార్జ్ అవుతున్నాయని అర్థం.

ఇప్పుడు నేను చేసిన తప్పు. అన్న డబ్బాలో ఉన్న స్క్రాప్ బోర్డు నుంచి అదే సైజు ముక్క ఒకటి తీసి వేశాను. అది 5 వోల్టుల కాయిల్ పక్కన ఉన్నది. సైజు చూశాను, మీటరులో విలువ చూశాను, దాదాపు 10 మైక్రోఫారడ్లే వచ్చింది, కానీ అది ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో ముక్క మీద రాసి ఉండదు కదా. 5 వోల్టుల చోట వాడేవి చాలావరకు ఆరో, పదో వోల్టులకు మించి తట్టుకోవు. ల్యాప్‌టాప్ ఆన్ అయింది, నిజ శ్రావణం ముహూర్తాల కార్డులన్నీ దాని మీదే కొట్టాను, డిసెంబరు మొదట్లో మళ్లీ అదే తీరుగా ఆగిపోయింది. విప్పి చూస్తే నేను వేసిన ముక్కే షార్ట్. నాలుగు నెలలు నడిచిందంటే సరిగ్గా ఉందని కాదు, అన్నాళ్లు ఓర్చుకుందంతే. స్క్రాప్ నుంచి తీసుకోవడం తప్పు కాదు, కానీ 19 వోల్టుల లైన్‌కు 19 వోల్టుల లైన్ మీదున్నదే తీసుకోవాలి.

రెండోసారి ఆన్‌లైన్‌లో కొన్నాను. 10 మైక్రోఫారడ్, 25 వోల్టులు, ఎక్స్‌5ఆర్ అనే సిరామిక్ రకం, 0805 అనే సైజు. ఒక్కోటి కొద్ది రూపాయలే, ఇరవై కట్టగా ఇచ్చారు. సిరామిక్ కెపాసిటర్లలో ఒక గుణం ఉంది, వోల్టేజీ పెరిగేకొద్దీ వాటి విలువ పడిపోతుంది. పేరుకు పది అని ఉన్నా 19 వోల్టుల దగ్గర అందులో సగం కూడా మిగలకపోవచ్చు. అందుకే తక్కువ విలువది వేసి సరిపెట్టకండి. పాతిక ఉన్నాయి కదా, ఒకటి తీసేసి వదిలేస్తే ఏమవుతుందని కూడా అడుగుతారు. చాలాసార్లు ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, కానీ దాని భారం పక్కవాటి మీద పడుతుంది. నేనైతే అలా వదలను. సిరామిక్ దానికి ప్లస్ మైనస్ లేదు, ఎటు పెట్టినా ఒకటే. గీత ఉన్న పసుపు, నల్ల టాంటలమ్ అనే వేరే రకం కెపాసిటర్లకు మాత్రం గీత వైపు ప్లస్, తిప్పి పెడితే మంట వస్తుంది.

సామాన్ల గురించి. 25 వాట్ల మామూలు ఐరన్ ఈ పనికి చాలదు, గ్రౌండ్ ప్యాడ్ దగ్గర లెడ్ కరగక ముద్దలా ఉండిపోతుంది. 60 వాట్ల టెంపరేచర్ కంట్రోల్ ఐరన్ కొన్నాక నా చేతి పని వంద రెట్లు మెరుగైంది. కంపెనీ వేసిన టంకంలో సీసం ఉండదు, అది 217 డిగ్రీల దాకా కరగదు, దాని మీద కొంచెం 63/37 లెడ్ (తగరం, సీసం కలిసినది, తక్కువ వేడికే కరిగేది) కలిపితే త్వరగా వదులుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డీసీ సప్లై ఇప్పటికీ బాగుంది, వోల్టేజీ నాబ్ ఒక్కటే మోటు, తీగ తగిలించే ముందే మీటరుతో సరిచూసుకుంటాను. హాట్ ఎయిర్ మిషన్ డిస్‌ప్లే మీద చూపించే వేడికీ నిజంగా వచ్చేదానికీ పొంతన లేదు, ముందు స్క్రాప్ బోర్డు మీద ఎన్ని సెకన్లకు కరుగుతుందో చూసి అప్పుడే పనికి దిగుతాను. వీటిలో ఒక్కటే కొనగలను అంటే మంచి మల్టీమీటర్ కొనండి. రిపేర్ మీరు చేయకపోయినా, ఎదుటివాళ్లు చెప్పేది నిజమో కాదో తెలుస్తుంది.

ఆ తర్వాత తెలిసినవాళ్లవి మూడు డెడ్ ల్యాప్‌టాప్‌లు నా దగ్గరికి వచ్చాయి. ఒకటి ఇలాంటి కెపాసిటరే, గంటలో అయింది. ఒకదాంట్లో మాస్‌ఫెట్ పోయింది. మూడోదాని మీద టీ ఒలికి లోపల పచ్చగా చిలుము పట్టింది, నా వల్ల కాలేదు, డబ్బులు తీసుకోకుండా తిరిగి ఇచ్చేశాను.

ఇక నా ల్యాప్‌టాప్. 2023 డిసెంబరు నుంచి ఒక్క రోజు కూడా ఆగలేదు. ముహూర్తాల సీజన్‌లో పొద్దున్నుంచి రాత్రి పదకొండు దాకా నడిచిన రోజులున్నాయి. బ్యాటరీ వయసైపోయి ఒకసారి మార్చాను, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ ముక్క స్క్రూ రంధ్రం పక్కనే ఉంది కాబట్టి, నేను ల్యాప్‌టాప్‌ను ఒక మూల పట్టుకుని ఎత్తే అలవాటు వల్ల బోర్డు వంగి అది లోపల చిట్లిందనే అనుకుంటున్నాను, సిరామిక్‌కు వంపు పడదు. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకునే ఎత్తుతాను, షాపులో పిల్లలకూ అదే చెప్పాను. ఆరు నెలలకోసారి విప్పి ఫ్యాను దుమ్ము దులుపుతాను, విప్పినప్పుడల్లా బ్యాటరీ పీకి మెయిన్ లైన్ మీద మీటరు పెట్టి చూస్తాను. మొన్న చూసినప్పుడు కూడా మెల్లగా ఎక్కి 18 కిలో ఓముల దగ్గరే ఆగింది.