పేపర్ సంచులతో ఎనిమిది నెలలు: కారాలకు ఢోకా లేదు, కాజాలతోనే తంటా

కావలిలో మాది చిన్న స్వీట్లు, కారాల కొట్టు. పోయిన కార్తీకంలో ఒక రాత్రంతా వాన కొట్టింది. తెల్లారి షట్టర్ తీస్తే ఎదుటి కాలవ పొంగి రోడ్డెక్కింది. శుభ్రం చేసే కుర్రాడు కర్రతో లాగిన చెత్తలో మా కొట్టు పేరు అచ్చేసిన ప్లాస్టిక్ కవర్లు నాలుగైదు ఉన్నాయి. వాడు పేరు చదివి, బోర్డు వైపు చూసి నవ్వాడు. డబ్బులిచ్చి అచ్చు వేయించుకున్నది నేనే మరి.

ఆ వారమే పేపర్ సంచులు చెప్పాను. మా వీధి చివర నలుగురు డ్వాక్రా ఆడవాళ్ళు చేత్తో మడిచి అంటిస్తారు. అరకిలోది రూపాయిన్నర, కిలోది మూడు రూపాయలు, తాడు పిడి ఉన్న పెద్దది తొమ్మిది.

కిలో సంచికి వంక పెట్టలేను. గోధుమరంగు క్రాఫ్ట్ పేపరు, 100 జీఎస్ఎం. అంటే చదరపు మీటరు కాగితం 100 గ్రాములు తూగుతుందన్నమాట. అడుగున రెండు మడతలు. జంతికల మొనలు గుచ్చుకున్నా చిరగలేదు. బల్ల మీద పెడితే తిన్నగా నిలబడుతుంది, రెండు చేతులతో సరుకు పోసుకోవచ్చు. కవరైతే ఒక చెయ్యి దాని నోరు పట్టుకోవడానికే సరిపోయేది.

తంటా అంతా మలై కాజాతో. మొదటివారం ఒకాయన కిలో కట్టించుకుని బండి మీద బిట్రగుంట పోయాడు. గంటకు ఫోను. “అక్కా, ఇంటికి సంచే వచ్చింది, కాజాలు దారిలో దిగిపోయినాయి.” మళ్ళీ కిలో ఉచితంగా ఇచ్చాను. అప్పట్నించి పాకం సరుకు అట్టపెట్టెలో, కింద బటర్ పేపర్ వేసి, ఆ పైనే సంచి.

ఇది విని ఒక హోల్‌సేల్ ఆయన లోపల నున్నగా మెరిసే సంచులు తెచ్చాడు, నూనె ఇంకదన్నాడు. మూల చించి చూశాను. కాగితం తెగింది గానీ వెనకాల పల్చటి పొర సాగింది. ప్లాస్టిక్కే! గుడ్డసంచి అని అమ్మే నాన్ వోవెన్ కూడా అంతే, అది పాలీప్రొపిలీన్. మా ఆయనేమో పాత న్యూస్‌పేపర్లతో పొట్లాలు కడదామన్నాడు, వాళ్ళమ్మ కట్టేదట. నూనె సరుకుకు అచ్చు సిరా అంటుకుంటుంది, అందులో సీసం లాంటివి ఉంటాయని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్దంటోంది. ఆ మాట అక్కడితో ఆగింది.

పెద్ద సంచి మాత్రం దండగ. మూడు కిలోలకే పిడి ఊడొచ్చింది. పైగా మా అబ్బాయి ఒక లెక్క చూపించాడు. బ్రిటన్ పర్యావరణ ఏజెన్సీ 2011లో వేసింది. భూతాపం వరకే చూస్తే, కాగితం సంచిని మూడుసార్లైనా వాడితేనే, ఒక్కసారి వాడి పడేసే పల్చటి ప్లాస్టిక్ కవరుకు సాటి. నూలు సంచైతే 131 సార్లట. చదవగానే ఒళ్ళు మండింది. కాలవలకు అడ్డం పడటం ఆ లెక్కలో లేదని తెలిశాక కాస్త తగ్గింది. అయినా నెయ్యి మరక పడ్డ సంచిని మూడుసార్లు ఎవరు వాడతారు? అందుకే పెద్దది మానేశాను. ఇంటి నుంచి సంచి తెచ్చుకున్నవాళ్ళకు గుప్పెడు బూందీ కొసరేస్తున్నా.

“ఏందక్కా, వెయ్యి రూపాయలు పెట్టి కొంటే కవరివ్వవా?” అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచే నిషేధం. మేం వాడిన కవర్లు నోటితో ఊదితే ఎగిరేవి, కొలిచే పనే లేదు. అయినా రూల్స్ చెబితే కోపమొస్తుంది. కాలవ కథ చెబితే నవ్వి కాగితం సంచి తీసుకుంటారు.

ఇంకో ఫిర్యాదు ఉంది. జిగురు మైదాతో కాస్తున్నారు. వానాకాలం చెమ్మకు అడుగు విడిపోతోంది, గోడౌన్లో పెట్టిన కట్టలను బొద్దింకలు కొరికేస్తున్నాయి. ఈ నెల కిలోవి వెయ్యి, అరకిలోవి ఐదొందలు చెబుతూ ఈ సంగతీ చెప్పాను. తుమ్మజిగురుతో పది సంచులు చేసి చూపిస్తామన్నారు. ఇంకా రాలేదు.