సారా పేజీ, చర్చల తెర

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడినప్పుడు ‘ఈనాడు’ ఆ పోరాటానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. ఒక ఊళ్లో దుకాణం మూతపడిన వార్త చదివి పక్క ఊరు కదిలేది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అయితే ఆ వార్తల్లో ఆ ఆడవాళ్లు ఎక్కువగా కాపురం నిలబెట్టుకునే తల్లులే. కూలి, భూమి మాటలు వెనక్కి పోయాయి. నాకు గుచ్చుకునేది అదే.

ఆడవాళ్ల గురించి ఇప్పటి టీవీ చర్చ వేరు. కావలిలో ఒక టీ కొట్టులో చూశాను. తెర మీద నలుగురు అరుస్తున్నారు, కింద ఎర్ర పట్టీలో ‘మగాళ్లపై యుద్ధమా?’ అని పరుగెడుతోంది. గ్లాసులు కడిగే ఆవిడ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ నీళ్లలో చేతులు పెట్టింది.

లోపాలున్నా నేను పాత పేజీ వైపే. అందులో కనీసం ఊరి పేరు ఉండేది.