శాఖలో సభ్యుడిపై ఫిర్యాదు వస్తే: శాఖే విచారించాలా, పై కమిటీయా?

రక్తదాన సంఘమైనా, బీద పిల్లలకు చదువు చెప్పే సంస్థ అయినా, ఊళ్లో శాఖ నడుస్తున్నదంటే ఏదో ఒక రోజు ఒక సభ్యుడి మీద ఫిర్యాదు రాక తప్పదు. అప్పుడు శాఖ కార్యవర్గమే కూర్చుని తేల్చాలా, రాష్ట్ర కమిటీకి రాసి బయటివారిని పిలిపించాలా?

శాఖకున్న బలం దగ్గరితనం. విరాళాల రసీదు పుస్తకంలో నాలుగు కౌంటర్‌ఫాయిళ్లు ఖాళీగా కనిపించాయనుకుందాం. ఆ వారం పుస్తకం ఎవరి చేతిలో ఉంది, ఏ వీధిలో వసూలు చేశారు, కిరాణా కొట్టాయన దగ్గర అసలు రసీదు ఉందా లేదా అన్నవి ఊరివాళ్లు సాయంత్రానికల్లా కనుక్కోగలరు. కానీ కోశాధికారి అధ్యక్షుడికి బావమరిది అయితే ఆ ఖాళీ చీటీల సంగతి అడగడానికి ఎవరికీ నోరు రాదు. పోయిన ఎన్నికల్లో ఓడినవారు కార్యవర్గంలో ఉంటే లెక్కలో చిన్న పొరపాటు కూడా దొంగతనమై కూర్చుంటుంది. అభిమానమూ కక్షా, రెండూ న్యాయానికి శత్రువులే.

పై కమిటీకి ఆ మొహమాటం ఉండదు. అయితే వాళ్లు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. వచ్చినా కాగితాలే చూస్తారు. సంస్థ పేరు కాపాడాలన్న తొందరలో ఒక్కరి తప్పుకు శాఖ మొత్తాన్ని రద్దు చేసే ప్రమాదమూ ఉంది.

అందుకే తప్పును బట్టి దారి మారాలంటాను. సమావేశంలో నోరు జారడం, ఒప్పుకున్న పని ఎగ్గొట్టడం వంటివి శాఖలోనే తేలాలి. డబ్బు విషయమైతే లెక్కలు శాఖ తీయాలి, నిర్ణయం బయటివారు చేయాలి.

స్త్రీల మీద లైంగిక వేధింపు అయితే ఈ రెండు దారులూ కావు. పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారికీ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట మహిళ అధ్యక్షతన, బయటి సభ్యురాలో సభ్యుడో ఉండేలా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. విచారణకు గడువు 90 రోజులు. పెద్దమనుషులు రాజీ కుదర్చడానికి వీల్లేదు. బాధితురాలు తానుగా కోరితేనే రాజీ, అదీ డబ్బు ప్రసక్తి లేకుండా. పిల్లల మీద లైంగిక అఘాయిత్యమైతే ఏ కమిటీ కోసమూ ఆగకుండా పోలీసులకు చెప్పాలి. అది పోక్సో చట్టం విధించిన బాధ్యత.

విచారణ ఎవరు చేసినా నియమావళి దాటకూడదు. బెళగావిలోని ఒక మేసోనిక్ లాడ్జి (ఫ్రీమేసన్లనే సోదర సంఘపు శాఖ) సభ్యుడి బహిష్కరణ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే ఈ మాట చెప్పింది: సభ్యుణ్ని తీసేసే అధికారం అతను చేరినప్పటి ఒప్పందం నుంచే వస్తుంది, కాబట్టి నియమాల ప్రకారమే తీసేయాలి. ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబుకు సమయం ఇవ్వాలి. ఫిర్యాదు చేసినవారు తీర్పు చెప్పే బల్ల దగ్గర కూర్చోకూడదు. ఇవి లేకపోతే నిజంగా తప్పు చేసినవాడు కూడా జిల్లా కోర్టుకెక్కి గెలిచి తిరిగొస్తాడు. మన తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం సభ్యులకు ఆ దారి తెరిచే ఉంచింది.

విచారణ నడిచినన్నాళ్లు రసీదు పుస్తకం, బీరువా తాళాలు వేరొకరికి అప్పగిస్తే చాలు. వాట్సాప్ గ్రూపు నుంచి ఆ మనిషిని అప్పుడే తీసేయకండి, ఊరు దాన్నే తీర్పుగా చదువుకుంటుంది.