చర్చ్ స్ట్రీట్‌లో నాన్నగారిని అడిగిన ప్రశ్న

బెంగళూరుకు పుస్తకాల కోసం వెళ్లేవారికి ముందుగా ఒక మాట. లాడ్జి వాళ్ల లెక్కలో రోజు ఎప్పుడు మొదలవుతుందో అడగనిదే గది ఖాయం చేసుకోకండి. ఇరవై నాలుగు గంటలకు 1,400 రూపాయలని ఫోనులో చెప్పారు, నమ్మాను. కాచిగూడ నుంచి రాత్రి రైలులో వచ్చి ఉదయం ఏడింటికి నేనూ, డెబ్బై రెండేళ్ల మా నాన్నగారూ మెజెస్టిక్ దగ్గరి ఆ లాడ్జి గుమ్మం ఎక్కితే, గుమాస్తా 2,800 కట్టమన్నాడు. వాళ్లకు రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మారుతుందట. అంతకుముందు అడుగుపెట్టినందుకు ఒక రోజు, తర్వాత ఉన్నందుకు ఇంకో రోజు. పెద్దాయన నిలబడలేక మెట్ల మీద కూర్చున్నారని చూసి కూడా తాళం చెవి చేతికివ్వలేదు. డబ్బు కట్టాం. గదిలో వేడినీళ్లు ఎనిమిదింటికే ఆగిపోయాయి.

"ముప్ఫై ఆరేళ్లు బడిలో హాజరుపట్టీ రాశాను. ఒక్క రోజును రెండుగా ఎన్నడూ రాయలేదు" అన్నారు నాన్నగారు. ఆ తర్వాత టిఫిన్ వద్దన్నారు, మాట్లాడటం మానేశారు.

మెట్రోలో నాలుగో స్టేషన్ ఎం.జి. రోడ్డు. అక్కడి నుంచి చర్చ్ స్ట్రీట్‌కు నడకే. పాఠకులు ఇప్పటికీ తలచుకునే ప్రీమియర్ బుక్‌షాప్ 2009లో మూతపడినా ఈ చుట్టుపక్కల పుస్తకాలకు లోటు లేదు. బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో 1945లో మొదలైన సెలెక్ట్ బుక్ షాప్ ఉంది. పాత పుస్తకాలు ఓపికగా వెతుక్కునేవాళ్లు అక్కడికి ఉదయమే వెళ్లాలి. మేం మధ్యాహ్నం దాకా తిరిగి, చివరికి మేడ మీది ఒక చిన్న దుకాణంలో చేరాం.

ఏం కావాలని దుకాణదారు అడగలేదు. తెలుగు వచ్చిన మనిషి. నాన్నగారికి స్టూలు వేసి, "ఈ మధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏదండీ?" అన్నారు. ఉదయం నుంచి మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది. ఎందుకు వదిలేశారో నాన్నగారు పది నిమిషాలు చెప్పారు. ఆయన విని, లోపలికి వెళ్లి, రెండే పుస్తకాలు తెచ్చారు. ఒకటి బాగా నలిగిన పాత ప్రతి, 180 రూపాయలు. రెండోది కొత్తది, 399. "మొదటిది చదివాకే రెండోది కొనండి, తొందరేమీ లేదు" అన్నారు. అమ్మడానికి కూర్చున్న మనిషి అలా అనడం నేను వినలేదు. రెండూ కొన్నాం.

ముందు బల్ల నిండా కన్నడ కథల అనువాదాలే. 2025లో బాను ముష్తాక్ కథలకు దీపా భాస్తి అనువాదంతో అంతర్జాతీయ బుకర్ వచ్చాక అడిగేవాళ్లు పెరిగారని ఆయన చెప్పారు. తెలుగు కథల అనువాదాలు ఎన్నున్నాయని నాన్నగారు అడిగారు. వెతికితే మూడు దొరికాయి. దుకాణదారు నిజంగా చిన్నబోయి, నోటు పుస్తకం, పెన్ను ఆయన ముందు పెట్టారు. "ఏవి తెప్పించాలో మీరే రాయండి మాస్టారూ."

నాన్నగారు కాళీపట్నం రామారావు పేరుతో మొదలుపెట్టారు. రాస్తూనే, శ్రీకాకుళంలో ఆ రచయిత 1997లో స్థాపించిన కథానిలయం గురించి చెప్పారు. తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలన్న పట్టుదలతో ఒక బడి పంతులు కట్టిన గ్రంథాలయం అని చెబుతుంటే ఆయన గొంతు మారింది. ఎప్పుడు వెళ్లవచ్చని దుకాణంలోని ఒక కుర్రాడు అడిగాడు.

సాయంత్రం ఐదున్నరకు అక్కడే ఒక అనువాదకురాలి పఠనం. ప్రవేశం ఉచితం, ముప్ఫై కుర్చీలు. కథలో ఒక పేజీ కన్నడంలో, అదే పేజీ ఇంగ్లీషులో చదివారు. చేతికిచ్చిన కన్నడ ప్రతిని నాన్నగారు కూడబలుక్కుని చదివేశారు, లిపి అంత దగ్గర. పరిచయం చేసినాయన ఇరవై నిమిషాలు తన సంగతే చెప్పుకోవడం ఒక్కటే నాకు నచ్చలేదు. అలాంటి సభకు ఆలస్యంగా వెళ్లినా నష్టం లేదనకండి, వెనక వరసలో ఏమీ వినపడదు.

రాత్రి తొమ్మిదిన్నరకు లాడ్జిలో నాన్నగారు లేచి కూర్చున్నారు. ఇంకో రెండు పేర్లు గుర్తొచ్చాయట. పొద్దున చేద్దామన్నా వినలేదు, ఫోను చేయించారు. దుకాణం ఇంకా తెరిచే ఉంది.

"చెప్పండి మాస్టారూ, రాసుకుంటున్నాను."