ఐటీ ప్రాజెక్టు అనుమతికి ఈ-ఆఫీస్: ఫైలు ఎక్కడ పరిగెడుతుంది, ఎక్కడ కూర్చుంటుంది

ప్రభుత్వ ఫైళ్లను కాగితం లేకుండా కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీస్‌ను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) తయారుచేసింది. ఇది 2009లో మొదలైంది. ఇప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సచివాలయాల్లో అది లేకుండా పొద్దు గడవదు. శాఖకు కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే ఫైలు ఇందులోనే పుట్టాలి, ఆర్థిక శాఖకు వెళ్లి రావాలి, జీఓ ముసాయిదా కూడా ఇందులోనే ఆమోదం పొందాలి. మిగతా సంగతులు పక్కనపెట్టి, ఆ ఒక్క పనికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం.

తెరకు ఎడమవైపు నోట్ (అధికారులు రాసే ప్రతిపాదన, అభిప్రాయాలు), కుడివైపు ఉత్తరప్రత్యుత్తరాలు. పాత నోట్ ఫైలు, కరెంట్ ఫైలు జంటే ఇది. నోట్‌లోని మాటను కుడివైపు పేజీకి లింకు చేయగలగడం దీనిలో అన్నిటికన్నా మంచి గుణం, అందరూ వదిలేసేదీ అదే. 120 పేజీల డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) ఎక్కించి ‘డీపీఆర్ జతపరచడమైనది’ అని రాస్తే పైఅధికారి వెతుక్కోవాలి. ‘ఖర్చు పట్టిక, కరెంట్ 47వ పేజీ’ అని లింకు ఇస్తే ఒక్క నొక్కుతో పట్టిక ముందుంటుంది. ఆ డీపీఆర్‌ను ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసే అలవాటు మాత్రం మానాలి. అందులో మాట వెతకడానికి కుదరదు, సైజు పెరిగి అప్‌లోడ్ దగ్గర మొరాయిస్తుంది. వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్ చేస్తే సరి.

పసుపు నోట్ చిత్తుప్రతి: దిద్దొచ్చు, తీసేయొచ్చు. పచ్చ నోట్‌గా మారి ఫైలు ముందుకు వెళ్లాక అక్షరం కదలదు. (పచ్చరంగు పడితే ఆమోదం వచ్చినట్టు కాదు, కొత్తవాళ్లు పొరబడుతుంటారు.) ఫైలులోని నోట్ సమాచార హక్కు చట్టం కింద బయటికీ వెళ్లొచ్చు కాబట్టి అంకెలన్నీ పసుపులో ఉన్నప్పుడే సరిచూసుకోవాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో కొట్టిన తెలుగును అతికిస్తే పిచ్చిగీతలొస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాకే తేవాలి.

ఇక అసలు బాధ, కొర్రీలు, అంటే ప్రశ్నలతో ఫైలు తిరిగిరావడం. ఈ-ఆఫీస్ ఫైలును నిమిషంలో పైకి పంపుతుంది, అదే నిమిషంలో కిందికీ తెస్తుంది. ఐటీ ఫైలు ఎక్కువగా తిరిగొచ్చేది ఖర్చు దగ్గరే. ఉదాహరణకు, తయారీకి 80 లక్షలు, ఆ తర్వాత నాలుగేళ్లు నిర్వహణకు ఏడాదికి 15 లక్షలు అనుకుందాం. మొత్తం 140 లక్షలు. దానిపై 18 శాతం జీఎస్‌టీ 25.20 లక్షలు కలిపితే 165.20 లక్షలు. చాలా నోట్లు 80 దగ్గరే ఆగిపోతాయి. ‘రెండో ఏడాది నుంచి నిర్వహణ ఏ పద్దు నుంచి?’ అని ఒక్క వాక్యం రాసి ఆర్థిక శాఖ తిప్పి పంపుతుంది. పద్దు, ఈ ఏడాది బడ్జెట్‌లో కేటాయింపు, ఇప్పటిదాకా అయిన ఖర్చు, మిగులు – ఈ నాలుగూ మొదటి నోట్‌లోనే ఉండాలి. హోస్టింగ్ స్టేట్ డేటా సెంటర్‌లోనా క్లౌడ్‌లోనా, సోర్స్ కోడ్ హక్కు ఎవరిది, సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) గుర్తించిన సంస్థతో భద్రతా ఆడిట్‌కు డబ్బు ఎవరు పెడతారు అన్నవి కూడా అక్కడే తేల్చాలి. ఆడిట్ ఖర్చు మరిచిపోతే సాఫ్ట్‌వేర్ సిద్ధమయ్యాక దానికోసం ఇంకో ఫైలు నడపాలి. ఈ వివరాలు నింపమని ఈ-ఆఫీస్ అడగదు. అది ఖాళీ కాగితమే ఇస్తుంది, ఇదే దీని పెద్ద లోటు.

రెండో లోటు: ఫైలు ఒకసారికి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఐటీ శాఖ అభిప్రాయం, ఆర్థిక శాఖ సమ్మతి ఒకేసారి కావాలంటే పార్ట్ ఫైలు తెరవాలి, పని అయ్యాక అసలు ఫైలులో కలపాలి. కలపడం మరిస్తే అభిప్రాయం ఒకచోట, ఆమోదం ఇంకోచోట మిగులుతాయి. తొందరపాటుకు మందు మాత్రం ఉంది: అవతలివారు తెరవనంతవరకు పంపిన ఫైలును వెనక్కి లాక్కోవచ్చు. తెరిచారా, ఇక వాళ్లు తిప్పి పంపాల్సిందే.

సంతకం డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) ఉన్న టోకెన్‌తోగానీ, ఆధార్‌తో చేసే ఈ-సైన్‌తోగానీ. టోకెన్‌లోని సర్టిఫికెట్ గడువు గరిష్ఠంగా మూడేళ్లు. ఆర్థిక సంవత్సరం చివర మార్చిలో అది ముగిసిపోయేలా ఉంటే ముందే రెన్యూవల్ చేయించుకోవడం మేలు.

చివరగా ముసాయిదా జీఓ. దాన్ని మొదటి నోట్‌తోనే తయారుచేసి పెట్టుకోవడం మంచి పద్ధతే, కానీ ఆర్థిక శాఖ మొత్తాన్ని తగ్గించి ఒప్పుకుంటే ముసాయిదాలోని అంకె దానంతటదే మారదు. ఆమోదానికి పంపేముందు సమ్మతి నోట్‌ను, ముసాయిదాను పక్కపక్కన తెరిచి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం సరిపోయిందో లేదో చూసుకోవాలి.