ట్యాబ్ పట్టుకొని ఇంటికొచ్చిన సర్వే: అయిదుకి రెండు స్టార్లు

ఏజెన్సీ పేరు రాయను, ఆ పిల్లోడి ఉద్యోగానికి ఎసరొస్తుందేమో పాపం. మాది అనంతపురం పాతూరు, పోయిన ఆదివారం పొద్దున్నే వచ్చినాడు, దేశ రాజకీయాల మీద సర్వే అన్నా, పది నిమిషాలే అన్నాడు, ముక్కాల్ గంట పట్టింది.

ఫోన్ సర్వేల కంటే నయమే అనాల. మీ ఎమ్మెల్యే పనితీరు బాగుంటే 1 నొక్కండి, లేకుంటే 2 నొక్కండి అని వస్తాయి చూడు, మొన్నొకటి వస్తే మా చిన్నోడు ఏదో నొక్కేసినాడు, వాడికి ఎనిమిదేండ్లు, వాడి తీర్పు కూడా యాడనో లెక్కలో కలిసే ఉంటుంది. ఈ పిల్లోడు అట్లకాదు, ఓటర్ లిస్టులోంచి తీసిన పేరు మా అమ్మది, నేను చెప్తాలేప్పా రా కూర్చో అంటే ఒప్పుకోలే, ఆమెనే అడగాలన్నా అన్నాడు. అది కరెక్టే, ఎవరు దొరికితే వాళ్లని అడిగితే పగలు ఇంట్లో ఉండేవాళ్ల మాటే సర్వే అయిపోతుంది. దీనికి ఒక స్టార్.

ఇంగ ప్రశ్నలు. దేశ భద్రత కోసం గట్టి నిర్ణయాలు తీసుకునే నాయకుడు కావాలా వద్దా అంట, వద్దు అనేటోడు యాడైనా ఉంటాడా? తర్వాత జమిలి ఎన్నికలు. అసెంబ్లీకి, పార్లమెంటుకి ఒకేసారి ఎన్నికలు పెడితే మంచిదా అమ్మా అని అడిగినాడు. మా అమ్మ "మనకెప్పుడూ రెండు ఓట్లు ఒగ దినమే గద నాయనా, కొత్తగా పెట్టేదేముంది" అనింది. నిజమే, 1999 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలో ఆరు సార్లూ రెండూ కలిపే జరిగినాయి. పిల్లోడు ట్యాబ్ కిందికీ మీదికీ జరిపినాడు, అనుకూలం, వ్యతిరేకం, తెలీదు, ఈ మూడే ఉండేది. "తెలీదు" నొక్కినాడు! ఆ ప్రశ్న రాసినోడికంటే ఎక్కువ తెలిసిన మనిషి లెక్కలో తెలీదు కింద పడింది, నాకు కడుపు మండింది.

అసలు తప్పు మాత్రం ఓటు ఎవరికేస్తారు అని అరుగు మీద అందరి ముందర అడగడం. అప్పటికే పక్కింటోళ్లు ఇద్దరు, ఎదురింటాయన ఒకడు చేరినారు. మా అమ్మ "అందరూ మంచోళ్లే నాయనా" అని ఊరుకుంది, నెలనెలా వచ్చే 4000 పింఛన్ యాడ ఆపుతారో అని ఆమె భయం ఆమెది. ఎన్నికల మీద పరిశోధన చేసే లోక్‌నీతి వాళ్ల సర్వేల్లో ఈ ప్రశ్న కాడ నమూనా బ్యాలెట్ చేతికిచ్చి గుర్తు పెట్టి పెట్టెలో వెయ్యమంటారు, ఎవరూ చూడరు. ఒక అట్టపెట్టె ఖర్చు అంతే గదా.

ఇట్ల పోగేసిన లెక్కలతోనే మళ్లీ సీట్లు చెప్తారు. 2024 జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీయేకి 350 పైనే ఇచ్చినాయి, నాలుగో తేదీ చూస్తే 293. అంతకుముందు 2019లో ఎన్నికల జోస్యాలు చెప్పే ఆంధ్రా ఆక్టోపస్ లగడపాటి టీడీపీ గెలుస్తుందన్నాడు, వచ్చింది 23 సీట్లు. ఓట్లు సరిగ్గా పట్టుకున్నా సీట్లు దొరకవు, 2024లో వైసీపీకి ఓట్లు 39 శాతం వచ్చినా సీట్లు 11 గదా, టీవీల్లో ఆ సంగతి నిదానంగా చెప్పేటోడే లేడు.

రెండో స్టార్ పిల్లోడి ఓపికకి. మా అమ్మ మధ్యలో చెనక్కాయ పంట, బోరు ఎండిపోయిన కథ అంతా చెప్పింది, విసుక్కోకుండా విన్నాడు, ట్యాబ్‌లో మాత్రం దానికి చోటు లేదు.

రెండు దినాలకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, మా మనిషి నిజంగా మీ ఇంటికొచ్చినాడా అమ్మా అని. "వచ్చినాడు, రెండు గ్లాసులు మజ్జిగ తాగినాడు, ఓటు సంగతి నేను చెప్పలే" అని పెట్టేసింది.