లాన్స్ ఓ మెడోస్: చూడ్డానికి గడ్డిగట్లు, వినడానికి బోలెడంత

ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ కోట లేదు, గుడి లేదు, కూలిన గోడైనా లేదు. గడ్డి, చిత్తడి నేల, చెవుల్లో హోరుమనే గాలి, పక్కన సముద్రం. ఆ గడ్డిలో మోకాలెత్తు కూడా లేని గట్లు కొన్ని. మా ఆయన కారు దిగి అటూ ఇటూ చూసి "దీనికోసమా ఇంత దూరం తోలాను?" అన్నాడు. గంటన్నర తర్వాత గైడ్‌ని వదలకుండా ప్రశ్నలడిగిందీ ఆయనే.

ఊరు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవికి ఉత్తరపు కొసన ఉంది. స్థానికులు దాన్ని 'లాన్సీ మెడోస్' అంటారు. సుమారు వెయ్యేళ్ళ కిందట వైకింగులు, అంటే ఉత్తర ఐరోపా సముద్రయాత్రికులు, గ్రీన్‌లాండ్ నుంచి పడవల్లో వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, కొన్నాళ్ళుండి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ చోటు ఎక్కడో ఎవరికీ తెలియకుండా పోయింది. ఐస్‌లాండ్ వాళ్ళ పాత గాథల్లో మాత్రం పడమటన విన్లాండ్ అనే నేల ఉందనీ, లీఫ్ ఎరిక్సన్ అనే వైకింగు అక్కడికి వెళ్ళాడనీ మిగిలింది.

మేం జూలై మొదటి వారంలో వెళ్ళాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాన్న, మా ఆయన, నేను. టొరంటో నుంచి డీర్ లేక్‌కి విమానం, అక్కణ్ణుంచి 430 నంబరు రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైచిలుకు. అద్దె కారు సంగతి అడక్కండి. బుక్ చేసింది పెద్ద బండి, చేతికిచ్చింది నాన్న మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి తగిలే బండి. ఆ కంపెనీ పేరు ఇక్కడెందుకులెండి. దారిలో మూస్‌లు ఉంటాయి, గుర్రమంత ఎత్తు దుప్పులు. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద నడపొద్దు. మాకు రెండు కనిపించాయి, ఒకటి నడిరోడ్డు మీదే నిలబడి మమ్మల్ని ఆపింది.

ఇక అసలు విషయం. ఇక్కడ టికెట్టు డబ్బులకు మనకి దక్కేది గైడే. గైడ్ లేకుండా తిరిగితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, విసుగు కూడా వస్తుంది. మాకు వచ్చినావిడ ఆ చుట్టుపక్కల ఊళ్ళ మనిషి. గట్ల మధ్య నిలబెట్టి ఇక్కడ తలుపు, ఇక్కడ పొయ్యి అని చూపిస్తుంటే ఇల్లు లేచి కళ్ళముందు నిలబడింది.

1960లో హెల్గె ఇంగ్‌స్టాడ్ అనే నార్వే ఆయన ఈ తీరం వెంబడి వాడవాడలా "పాత ఇళ్ళ ఆనవాళ్ళేమైనా ఉన్నాయా?" అని అడుగుతూ వచ్చాడట. ఈ ఊళ్ళో జార్జ్ డెక్కర్ అనే జాలరి "ఉన్నాయి, రండి" అని ఈ గట్ల దగ్గరికి తీసుకొచ్చాడు. ఊరివాళ్ళు వీటిని ఇండియన్ క్యాంప్ అనేవాళ్ళు. ఇది చెప్పగానే నాన్న నావైపు తిరిగి "ఏటమ్మా, మన క్యాంపా ఇది?" అన్నారు. గైడ్‌కి అనువాదం చేస్తే ఆవిడా నవ్వింది. వాళ్ళ ఉద్దేశం ఆ నేల మీద ముందునుంచీ ఉన్న మూలవాసులని.

ఆ మరుసటేడు, 1961లో, ఇంగ్‌స్టాడ్ భార్య ఆన్ స్టీన తవ్వకం మొదలుపెట్టింది. పురావస్తు శాస్త్రం చదివింది ఆవిడే. 1968 దాకా తవ్వారు. ఎనిమిది కట్టడాలు బయటపడ్డాయి. అన్నీ చెక్క చట్రం మీద మట్టి, గడ్డి పెళ్ళలు పేర్చి కట్టినవే. వాగు అవతల ఒక కొలిమి. చిత్తడి నేలల్లో ఊరే ఇనుప ఖనిజాన్ని అక్కడ కరిగించి పడవలకి మేకులు చేసుకున్నారు. తవ్విన చోటుని మళ్ళీ కప్పేశారు. అందుకే మనకిప్పుడు గట్లు తప్ప ఏమీ కనిపించవు.

నేను చిన్నప్పుడు చూసిన పురావస్తు చోట్లన్నిట్లో రాతి స్తంభాలో, శిల్పాలో ఉండేవి. ఇక్కడ అద్దం వెనక పెట్టినదంతా కలిపితే ఒక చిన్న పెట్టెలో పట్టేలా ఉంది. ఉంగరం తలతో ఉన్న కంచు పిన్ను, పైన కప్పుకునే బట్ట అంచులు కలిపి గుచ్చుకోవడానికి. తుప్పు పట్టిన మేకులు. ఎముక సూది. దాని పక్కన ఒక గుండ్రటి రాయి, మధ్యలో చిల్లు. గైడ్ దాని పేరు చెప్పేలోపే నాన్న "కదురుబిళ్ళ" అన్నారు.

మాది పొందూరు దగ్గర. మా నానమ్మ నూలు వడికేది. కదురు సమంగా తిరగాలంటే దానికో బిళ్ళ ఉండాలని నాన్నకి ఎవరూ నేర్పక్కర్లేదు. పైగా ఇది బలపపు రాయితో చేసింది. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు సోషల్ చెప్పారు. పలకా బలపంతో మొదలైన తరం. ఆ అద్దం ముందునుంచి ఆయన్ని కదిలించడం కష్టమైంది. తవ్వినవాళ్ళకి ఇది ఎందుకు ముఖ్యమంటే, వైకింగుల్లో నూలు వడికేది ఆడవాళ్ళు. అంటే వచ్చింది పడవ నడిపే మగవాళ్ళే కాదు. "మీ నానమ్మ లాంటిది ఒకావిడ ఇంత చలిలో కూర్చుని వడికిందన్నమాట" అన్నారు నాన్న. 31 ఏళ్ళు క్లాసు పిల్లలకి కొలంబస్ అమెరికా చేరిన ఏడు 1492 అని బోర్డు మీద రాసిన మనిషి, ఆ ఊసే ఎత్తలేదు.

మా ఆయనకి నచ్చింది వేరే. ఇక్కడ దొరికిన చెక్క ముక్కల మీద ఇనుప పనిముట్ల కోతలున్నాయి. 993లో ఆకాశం నుంచి వచ్చిన తీవ్రమైన కిరణాల వల్ల ఆ ఏడు చెట్లలో ఏర్పడ్డ వలయంలో కార్బన్-14 ఎక్కువగా ఉంటుంది. ఆ వలయాన్ని పట్టుకుని బెరడు దాకా లెక్కపెట్టారు, 28 వలయాలు. మూడు వేర్వేరు చెట్ల ముక్కలు, మూడూ 1021లోనే నరికినవని తేలింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఈ సంగతి ప్రచురించారు, సరిగ్గా వెయ్యేళ్ళకి. "డీబగ్గింగ్ అంటే ఇదీ" అని మా ఆయన దారంతా అదే మాట.

నాకు మాత్రం మూడు కాయలు గుర్తుండిపోయాయి. బటర్‌నట్ అని, అక్రోటు జాతి. ఈ దీవిలో ఆ చెట్లు పెరగవు, దక్షిణాన న్యూ బ్రన్స్‌విక్ వైపు వెళ్తేగానీ దొరకవు. అంటే ఇక్కడ దిగినవాళ్ళు పడవలు బాగుచేసుకుని ఇంకా కిందికి వెళ్ళి, తిని, కొన్ని వెనక్కి తెచ్చుకున్నారు. చెత్తకుప్ప పెద్దగా లేదు, శ్మశానం లేదు. కాబట్టి ఎక్కువ కాలం ఉండలేదని తేల్చారు.

పక్కనే మూడు ఇళ్ళని అప్పటి పద్ధతిలో మళ్ళీ కట్టారు. బయట గాలి కోస్తుంటే లోపల వెచ్చగా ఉంది, గోడలు అంత మందం. వేషాలు వేసుకున్నవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చుని ఒంటి సూదితో ఉన్ని అల్లుతూ కబుర్లు చెప్పారు. వేషాలంటే నాకు మొదట చిరాకే, కానీ వీళ్ళు నాటకం ఆడరు, అడిగినదానికి జవాబు చెప్తారు. పిల్లలుంటే ఇక్కడే ఎక్కువసేపు గడపండి.

తిండి విషయం శాకాహారులు గట్టిగా వినాలి. చుట్టుపక్కల దొరికేది చేప, చేప, దాని తర్వాత చేప. మేం దిగిన లాడ్జిలో "వెజిటేరియన్" అంటే నాన్నకి రెండు పూటలా బంగాళదుంప వేపుడే పెట్టారు. నేను డబ్బాలో తెచ్చిన పులిహోర, గోంగూర పచ్చడే ఆదుకున్నాయి. బేక్‌యాపిల్ అని నారింజ రంగు అడవి పండు జామ్ మాత్రం బావుంది, రెండు సీసాలు తెచ్చుకున్నాం.

ఇండియాకి ఫోన్ చేసేవాళ్ళకి ఒక సుఖం. ఈ దీవికి కూడా మనలాగే అరగంట లెక్క ఉంది కాబట్టి వేసవిలో సరిగ్గా ఎనిమిది గంటలు తేడా. అమ్మకి టైం చెప్పడానికి వేళ్ళు మడవక్కర్లేదు.

ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది దూరానికి. జూన్ నుంచి అక్టోబర్ మొదటి రోజుల దాకానే వెళ్ళడానికి కుదిరేది. గాలికి తట్టుకునే జాకెట్, చిత్తడికి మంచి బూట్లు, నల్లటి చిన్న ఈగలకి తలమీద వేసుకునే వల తీసుకెళ్ళండి. వల మేం తీసుకెళ్ళలేదు. నాన్న మెడ వెనక ఇప్పటికీ దద్దుర్లున్నాయి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.